నాలుగు లాడాలకి ఒక అధ్యాయం

పరుగు పిన్ని గొంతు బుధవారం సాయంత్రం నాలుగున్నరకి, మైదానం చుట్టూ ఇరవై మూడో చుట్టులో పోయింది.

ఉదయం నుంచీ గరగరలాడుతూనే ఉంది గానీ ఆవిడ పట్టించుకోలేదు. "రెండు చేతులూ వదిలెయ్! నేనున్నాగా!" అని ఎప్పటిలాగే అరవబోయింది. "రెండు చేతులూ" దాకా బాగానే వచ్చింది. ఆ తర్వాత నోరు తెరిచే ఉంది గానీ లోపల్నుంచి గాలి తప్ప మరేమీ రాలేదు. జీను మీద బిగుసుకుని కూర్చున్న ఏడేళ్ళ పిల్ల కిందికి చూసి, "చేతులు ఏం చెయ్యాలి పిన్నీ?" అని అడిగింది. ఎత్తి చూపిద్దామంటే పిన్ని చేతిలో గుర్రం తాడుంది.

ఆ స్వారీ బడిలో ఆవిడ ఉద్యోగమే పరిగెత్తడం. కొత్తగా చేరిన పిల్లలు గుర్రమెక్కితే, కళ్ళేనికి కట్టిన తాడు పట్టుకుని గుర్రం మెడ పక్కన ఆవిడ పరిగెత్తాలి. గుర్రం నడిస్తే నడక, ఉరికితే ఉరుకు, పిల్ల ఒరిగితే ఒక చేత్తో నడుం పట్టుకుని మళ్ళీ నిలబెట్టడం. మాస్టారికి నడుంనొప్పి. ఆయన మైదానం మధ్యలో కుర్చీ వేయించుకుని "వీపు నిటారు, మడమ కిందికి" అంటూ కూర్చుంటారు. పిల్లలకి భయం వదిలిందో లేదో తేల్చేది మాత్రం పిన్నే. గుర్రం కదులుతుండగా ఏ రోజు పిల్ల రెండు చేతులూ గాల్లోకి ఎత్తుతుందో, ఆ రోజు పిన్ని తాడు వదిలేస్తుంది. ఇక ఆ పిల్ల స్వారీ నేర్చినట్టే.

పద్నాలుగేళ్ళలో కొన్ని వందల చేతులు అలా పైకి లేపించింది. తను మాత్రం ఒక్కసారీ గుర్రమెక్కలేదు. "సిబ్బంది గుర్రమెక్కరాదు" అని ఆఫీసు గోడమీద రాసుంది. ఎవరైనా అడిగితే, "కిందనుంచి చూస్తే గుర్రం, పైకెక్కితే మేడ. నాకెందుకమ్మా" అని నవ్వేసేది. అనడానికేం, ఎన్నైనా అనొచ్చు. పొద్దున్నే జీను తుడిచేటప్పుడు ఆవిడ చెయ్యి దానిమీద కాస్త ఎక్కువసేపే ఆగేది.

పిల్లని దింపి, గుర్రాన్ని కొట్టంలోకి నడిపించుకొచ్చి, జీను విప్పుతుండగా మేనేజరు వచ్చాడు. వచ్చి ఆరునెలలైన కుర్రమేనేజరు. చెడ్డవాడు కాదు పాపం, ఏ వస్తువు ఉండాల్సిన చోట అది ఉండాలనే మనిషి.

"పిన్నిగారూ, ఈ బోర్డు సంగతి తేల్చాలి" అన్నాడు.

బోర్డు కొట్టం తలుపు పక్కనే ఉంది. ఎర్రసుద్దతో, ఎప్పటికప్పుడు దిద్దుతూ మూడేళ్ళుగా ఉన్న రాత: "రాగి. కాళ్ళివ్వదు. తంతుంది. లాడాల రోజు కథ చదవాలి."

రాగి అంటే ఈ గుర్రమే. ఆడగుర్రం, తోమిన రాగిచెంబు రంగు, నుదుటిమీద వేలిముద్రంత తెల్లమచ్చ. ఉన్న అయిదు గుర్రాల్లో భయస్థులైన పిల్లలందరికీ ఇదే దిక్కు. పైన కూర్చున్నవాళ్ళు ఏడిస్తే ఎవరూ చెప్పకుండానే ఆగిపోయేది. అంత మంచి గుర్రానికి లాడాల రోజు వస్తే మాత్రం దెయ్యం పట్టినట్టయ్యేది. మూడేళ్ళ కిందట ఒకసారి, నలుగురు పట్టుకున్నా నిలవక చిందులేస్తుంటే, పిన్ని విసుగెత్తి ఓ పక్కన కూర్చుని తన పుస్తకం తీసి పైకి చదువుకోవడం మొదలెట్టింది. రాగి గొర్రెపిల్లలా నిలబడిపోయింది. అంతే, ఆ రోజునుంచి ఆరువారాలకోసారి లాడాలాయన రావడం, పిన్ని బక్కెట్టు బోర్లించి కూర్చుని ఒక అధ్యాయం చదవడం, నాలుగు లాడాలూ పడటం రివాజైపోయింది. రాగి కథలంటే చెవి కోసుకుంటుందని పిల్లలు బొమ్మల పుస్తకాలు తెచ్చి దానికి చూపించేవారు. అది వాటిని తినబోయేది.

"ఇవాళ ఒక తల్లి ఈ బోర్డు చదివి, పిల్లని కార్లో ఎక్కించుకుని వెళ్ళిపోయింది" అన్నాడు మేనేజరు. "తంతుందని మనమే రాసిపెట్టి, దానిమీదే పసిపిల్లల్ని కూర్చోబెడుతున్నాం. రేపు ఏదన్నా అయితే నేనేం సమాధానం చెప్పాలి?"

పిన్ని గొంతు చూపించి చెయ్యి ఊపింది.

"చూశారా! మీ గొంతొక్కటే దానికి తాళంచెవి అయితే ఎట్లాగండీ? ఎల్లుండి శుక్రవారం లాడాల రోజు. ఎవరన్నా చదవండి, చదవకపోండి, మీ గొంతు లేకుండా అది నాలుగు కాళ్ళూ ఇచ్చిందా, సరే. ఇవ్వలేదా, శనివారం పొద్దున్న బేరగాడి లారీ వస్తుంది. నాకూ సరదా కాదు పిన్నిగారూ."

బేరగాడి లారీ ఎక్కిన గుర్రాన్ని ఆ తర్వాత ఎవరూ ఎక్కడా చూసినవాళ్ళు లేరు. పిన్ని రాగి మెడమీద చెయ్యి వేసి నిలబడిపోయింది. మామూలుగా అయితే ఆ కుర్రాణ్ణి నాలుగు మాటలనేసి మనసు తేలిక చేసుకునేది. ఇప్పుడు ఆ నాలుగు మాటలూ గొంతులోనే ఉండిపోయి ఆవిడకి కళ్ళనీళ్ళొచ్చాయి.

ఇంటికెళ్ళే దారిలో డాక్టరుగారు ఆవిడ గొంతులో దీపం వేసి చూసి, "దుమ్ములో అరిచీ అరిచీ పుండు చేసుకున్నావు. వారంపాటు మౌనవ్రతం. గుసగుస కూడా వద్దు, అది ఇంకా చేటు" అని వారం సెలవు చీటీ రాసిచ్చారు.

*

పిన్ని భర్తది అచ్చాఫీసులో ఉద్యోగం. కూర్చిన పేజీలని అసలు రాతప్రతితో సరిచూసేటప్పుడు ఒకాయన కళ్ళతో చూస్తూ ఉంటే, ఈయన రాతప్రతి పైకి చదవాలి. చుక్కా గీతా పొల్లుపోకూడదు కాబట్టి కామాలతో సహా చదవాలి. ఇరవై ఆరేళ్ళుగా అదే చదువు. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ అక్కడ అట్టలు సరిగా అతక్క పక్కన పడేసినవే. లాడాల రోజు చదివే నవలా అలాంటిదే, ముందు పదహారు పేజీలూ లేవు, కాబట్టి దాని పేరు ఎవరికీ తెలియదు. పడవ నడుపుకునే ఒక అన్న, ఇల్లొదిలి పోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ నది పొడవునా తిరిగే కథ.

గురువారం ఆయన అచ్చాఫీసు నుంచి తొందరగా వచ్చి, ఉప్పునీళ్ళు కాచి ఇచ్చి, మిరియాల కషాయం పెట్టి ఇచ్చి, ఆ పైన ఎవరో చెప్పారని ఏదో వేరు నమలమన్నాడు. పిన్ని పాత ప్రూఫుకాగితం వెనక పెన్సిల్తో రాసి చూపించింది: "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది. అవన్నీ వద్దు. రేపు మీరొచ్చి రాగికి చదవాలి."

"నేనా?" అన్నాడాయన. "గుర్రానికా?"

పిన్ని తలూపింది.

"ఇదుగో, నేను చదివితే మా ఆఫీసులో మనుషులే నిద్రపోతారు."

"నిద్రపోతే ఇంకా మంచిది. కాళ్ళిస్తుంది" అని రాసింది పిన్ని.

భోజనాలయ్యాక ఆయన పుస్తకం తీసి గొంతు సవరించుకున్నాడు. "వాన ఆగలేదు ఫుల్‌స్టాప్ అన్న దీపం పైకెత్తి కామా తలుపు వంక చూశాడు ఫుల్‌స్టాప్" అని మొదలెట్టాడు. పిన్ని నెత్తి కొట్టుకుని, వద్దు వద్దని చేతులూపింది. ఆయన మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాడు. రెండో వాక్యంలో కామా మళ్ళీ దొర్లింది. మూడోసారి పెదాలు బిగబట్టి కామాని మింగితే దాంతోపాటు పక్కమాట కూడా లోపలికి పోయింది. పిన్నికి నవ్వాగలేదు. గొంతులేని నవ్వు నవ్వితే భుజాలు మాత్రం ఎగిరెగిరిపడ్డాయి. ఆయన కూడా నవ్వి, పుస్తకం మూసి, "దానికి కామాలు తెలియవులే, ఏదో పాటనుకుంటుంది" అన్నాడు. అవతల రాగి ప్రాణం మీదికొచ్చి ఉన్నా, ఆ కాసేపు ఆవిడకి హాయిగానే ఉంది.

*

శుక్రవారం లాడాలాయన వచ్చిన సంగతి గేటు దగ్గరే తెలిసిపోయింది. పనిముట్ల పెట్టె దభీమని కిందపడేశాడు. నిప్పులకుంపటి, ఇనుము పెట్టి కొట్టే దాగలి, సుత్తులు, పట్టకార్లు, గిట్ట చెక్కే కత్తులు, రాసే ఆకురాయి, ఒక్కోటీ తీసి నేలకేసి కొట్టినట్టే పెట్టాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చెయ్యి తిరిగిన పనివాడు. ఆయన కొట్టిన లాడం వదులైందన్న మాట ఎవరూ అనలేదు. కోపం మాత్రం ముక్కుమీదే ఉంటుంది. గుర్రాలతో ఆయనకి తెలిసిన మాట ఒక్కటే, "నిలబడవే!" మిగతా నాలుగు గుర్రాలూ వయసు మళ్ళినవి, ఆయన ఎటు తోస్తే అటు ఒరిగి ఓర్చుకునేవి. నువ్వింట్లోకొస్తే గిన్నెలు కూడా సర్దుకుని కూర్చుంటాయని వాళ్ళావిడ అంటుందట. ఆ మాట ఆయనే గొప్పగా చెప్పుకునేవాడు.

"చెల్లెమ్మా! తలుపు తీశాడా?" అన్నాడు తోలుగుడ్డ నడుముకి కట్టుకుంటూ.

ఆరువారాల కిందట అధ్యాయం అక్కడ ఆగింది. పన్నెండేళ్ళ తర్వాత తమ్ముడే వచ్చి, వానలో తడుస్తూ అన్న ఇంటి తలుపు తట్టాడు. అన్న దీపం పట్టుకుని లేచాడు. అంతే.

"నేనైతే తియ్యను" అన్నాడు లాడాలాయన. "పన్నెండేళ్ళు వాణ్ణి వెతికి వెతికి అన్న అరికాళ్ళు అరిగాయి. ఇప్పుడొచ్చి తలుపు కొడతాడా సిగ్గులేనివాడు! ఊఁ, చెప్పవేం?"

పిన్ని గొంతు చూపించి, భర్తని ముందుకి నెట్టింది.

"వాళ్ళాయన్నండి" అన్నాడాయన. "ఇవాళ నేను చదువుతాను."

"చెల్లెమ్మగారి ఆయనంటే బావగారన్నమాట. కానివ్వండి బావగారూ. తలుపు దగ్గరున్నాం."

రాగిని బయటికి తెచ్చి గుంజకి కట్టారు. కట్టడమంటే తాడు ఒక చుట్టు తిప్పి చివర పిన్ని పట్టుకుంది. మేనేజరు కంచె మీద మోచేతులాన్చి నిలబడ్డాడు. కష్టమైంది ముందు తేల్చెయ్యాలన్నది లాడాలాయన సిద్ధాంతం కాబట్టి ఎప్పుడూ వెనక కాళ్ళతోనే మొదలెడతాడు. ఎడమ వెనకకాలు ఎత్తి తొడమీద వేసుకుని, పాత మేకుల మొనలు సుత్తితో తట్టి నిటారు చెయ్యసాగాడు. బక్కెట్టు మీద కూర్చున్న బావగారు పుస్తకం తెరిచాడు.

"వాన ఆగలేదు ఫుల్‌స్టాప్. అన్న దీపం పైకెత్తి కామా తలుపు వంక చూశాడు ఫుల్‌స్టాప్. కొటేషన్ ఎవరది ప్రశ్నార్థకం కొటేషన్ క్లోజ్..."

"ఆగండి ఆగండి" అన్నాడు లాడాలాయన. "ఈ కామా ఎవడు? ఇంతవరకూ కథలో లేడే?"

"మనిషి కాదండీ, గుర్తు. అలవాటులో వచ్చేస్తోంది."

"వస్తే రానివ్వకండి. నోరు మీదే కదా!"

బావగారు చెమట తుడుచుకుని మళ్ళీ అందుకున్నాడు. చేతిలో తాడు తప్ప పిన్నికి చేసే పనేమీ లేదు, మాట్లాడే వీలూ లేదు. చూస్తూ నిలబడింది. చూడగా చూడగా ఏదో వింతగా అనిపించింది. "ఫుల్‌స్టాప్" అన్నప్పుడల్లా లాడాలాయన దవడ బిగుసుకుంటోంది. దవడతోపాటు చెయ్యి బిగుసుకుని రాగి కాలిని ఒక్క గుంజు గుంజుతోంది. ఆ వెంటనే రాగి తొడమీది చర్మం ఈగ వాలినట్టు అదురుతోంది. అంతలో కథ మంచి పట్టులోకి వచ్చి, బావగారు తనకి తెలియకుండానే ఒక పెద్ద వాక్యం కామాల్లేకుండా చదివేశాడు. 'బయటినుంచి దగ్గు వినిపించింది, చిన్నప్పుడు పక్కలో పడుకుని దగ్గిన దగ్గే అది.' లాడాలాయన నోరు కొంచెం తెరుచుకుంది, భుజాలు దిగాయి, కాలు పట్టుకున్న చెయ్యి చంటిపిల్ల పాదం పట్టుకున్నంత మెత్తగా అయింది. రాగి కింది పెదవి వేలాడేసింది.

"ఫుల్‌స్టాప్" అన్నాడు బావగారు.

"నిలబడవే!" అని అరిచి, లాడాలాయన సుత్తి పిడితో రాగి పొట్టలో ఒక్కటి పొడిచాడు. నిజానికి అది నిలబడే ఉంది. మరుక్షణం కాలు విదిలించుకుని ఒక్క తాపు తన్నింది. పనిముట్ల పెట్టె ఎగిరి బోర్లాపడింది, ఆకురాయి వెళ్ళి నీళ్ళతొట్లో పడింది. బావగారు పుస్తకంతో సహా బక్కెట్టు మీంచి లేచి పరిగెత్తాడు.

"చూశారా దీని పొగరు!" అన్నాడు లాడాలాయన, తోలుగుడ్డ దులుపుకుంటూ.

మేనేజరు కంచె మీంచి మోచేతులు తీసేశాడు. "నేను ఫోన్ చేసొస్తాను" అని ఆఫీసు వైపు నడిచాడు. ఎవరికి చేస్తాడో అడగాల్సిన పనిలేదు.

మూడేళ్ళపాటు ప్రతి లాడాల రోజూ పిన్ని కళ్ళు పుస్తకంలోనే ఉన్నాయి. తల ఎత్తితే వరస తప్పుతుందని ఒక్కసారన్నా ఎత్తలేదు. అవునూ, కథ వింటున్నది ఎవరో ఎప్పుడన్నా చూశానా? చూడకుండానే ఆ ఎర్రసుద్ద రాతని తన చేత్తో ఎన్నిసార్లు దిద్దిందో తల్చుకుంటే ఆవిడకి ఒళ్ళు మండింది. నోరులేని జీవి, ఎవరితో చెప్పుకుంటుంది!

తాడు తిరిగొచ్చిన భర్త చేతిలో పెట్టి, పరిగెత్తింది. పరిగెత్తడం ఆవిడకి కొత్తా? జీన్ల గదిలో మందులపెట్టె తీసి, దూది ఉండ పట్టుకుని మళ్ళీ పరిగెత్తుకొచ్చింది. రాగి తల వంచి, దువ్వి, ఒక చెవిలో ఇంత, రెండో చెవిలో ఇంత దూది కుక్కింది. ముఖం పక్కన చప్పట్లు కొట్టి చూసింది. రాగి చెవి తిప్పలేదు.

"ఇదేం వైద్యం చెల్లెమ్మా? కథ వినాల్సిన గుర్రానికి చెవులు మూస్తావేం?" అన్నాడు లాడాలాయన.

పిన్ని భర్త చేతిలోంచి పుస్తకం లాక్కుని, కాలు ఎత్తమని సైగ చేసింది. ఆయన గొణుక్కుంటూ వంగి కాలు తొడమీద వేసుకున్నాడు. ఆవిడ పక్కనే గొంతుక్కూర్చుని, డాక్టరుగారికి మనసులోనే ఒక దణ్ణం పెట్టుకుని, ఆయన చెవి దగ్గర నోరుపెట్టి గుసగుసగా చదవడం మొదలెట్టింది.

ఆ గుసగుస జానెడు దూరంలో ఉన్నవాళ్ళకి కూడా వినపడదు. అన్న దీపం వత్తి తగ్గించాడు. మళ్ళీ పెంచాడు. తలుపు దగ్గరికి నాలుగడుగులు వేసి ఆగాడు. లాడాలాయన పట్టకారుతో పాత లాడం ఊడదీశాడు, చప్పుడన్నది లేకుండా. పెరిగిన గిట్టని కత్తితో పొరలుపొరలుగా చెక్కి, నీళ్ళతొట్లోంచి తీసిన ఆకురాయితో చదును చేసి, కొత్త లాడం ఆనించి చూసి, దాగలిమీద రెండు దెబ్బలు వేసి సరిచేసి తెచ్చాడు. అటు వెళ్ళినంతసేపూ చెవి ఇటే పడేశాడు. పిన్ని పుస్తకం పట్టుకుని ఆయన వెనకే నడిచింది. మేకులు దిగుతున్నాయి, ఒక్కో మేకూ మూడేసి మెత్తని దెబ్బల్లో. రాగి ఒక పక్కకి ఒరిగి, కళ్ళు సగం మూసుకుని, నిట్టూర్చింది. ఎడమకాలైంది. కుడికాలూ అయింది.

'అన్న చెయ్యి గడియమీద పడింది' అని చదివేసరికి పక్కన ఎవరివో బూట్లు కనిపించాయి. పిన్ని ఆపేసి తలెత్తింది. మేనేజరు.

"రెండు కాళ్ళు అయిపోయాయా?" అన్నాడతను ఆశ్చర్యంగా. తర్వాత దూది చూశాడు. "చెవుల్లో అదేంటి? గుర్రానికి వినపడకుండా మరి కథ ఎవరికి చదువుతున్నారు?"

పిన్ని పుస్తకంలోంచి వేలు తీసి లాడాలాయన్ని చూపించింది.

బావగారు "ఆఁ!" అన్నాడు. లాడాలాయన వంగినవాడు నిటారుగా లేచాడు. ముఖం కుంపట్లో ఇనుములా అయింది.

"అంటే ఏమిటి నీ ఉద్దేశం? తంతున్నది నేనా?" అన్నాడు. "నలభై ఏళ్ళ సర్వీసు నాది! ఎన్ని వేల కాళ్ళు పట్టాను!"

కోపంగా ముందుకాలు పట్టుకుని గుంజాడు. రాగి చెవులు దూదితో సహా వెనక్కి పడ్డాయి, మెడ బిగిసింది. అన్నీ ఆయన కళ్ళముందే. ఆయన కాలు పట్టుకునే ఆ చెవుల వంక చూశాడు. తన చెయ్యి వంక చూసుకున్నాడు. మెల్లగా కాలు నేలమీద పెట్టేసి, కుళాయి దగ్గరికెళ్ళి, తలమీద నీళ్ళు గుమ్మరించుకుని, చాలాసేపు అక్కడే అటు తిరిగి నిలబడ్డాడు. పిన్నికి జాలేసింది. అంత పెద్దాయన్ని నలుగురిలో వేలెత్తి చూపించానే అని బాధ కూడా వేసింది. అయినా చూపించాల్సిందే కదా, లేకపోతే లారీ వస్తుంది.

ఆయన తిరిగొచ్చి, "దూది తీసెయ్ చెల్లెమ్మా" అన్నాడు. "పుస్తకం కూడా లోపల పెట్టెయ్. నేను చూసుకుంటాను."

పిన్ని దూది తీసేసింది. లాడాలాయన రాగి భుజంమీద అరచెయ్యి ఆనించి, అది వాసన చూసేదాకా ఆగి, అక్కణ్ణుంచి చెయ్యి కిందికి జార్చి, మోకాలు, పిక్క, గిట్ట దాకా తెచ్చి, అడిగినట్టుగా చిన్నగా నొక్కాడు. రాగి తనే కాలెత్తి ఇచ్చింది. చదువు లేదు, కేక లేదు. ఆకురాయి సవ్వడి, సుత్తి దెబ్బ, పక్క కొట్టంలో గడ్డి నమిలే చప్పుడు, అంతే. నాలుగోకాలు అవుతుండగా రాగి తల తిప్పి ఆయన వీపుమీద గడ్డం ఆనించింది. ఆయన కదల్లేదు, చేతి వెనకవైపుతో ముక్కు తుడుచుకున్నాడు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నానన్నమాట మూడేళ్ళూ" అన్నాడు చివరి మేకు మొన వంచి నున్నగా రాస్తూ. "ఇంట్లో మా ఆవిడ కూడా అంటూనే ఉంటుంది. గిన్నెల సంగతి."

లేచి, తిన్నగా బోర్డు దగ్గరికెళ్ళి, తోలుగుడ్డతో తుడవడం మొదలెట్టాడు. "తంతుంది" పోయింది, "కాళ్ళివ్వదు" పోయింది, "కథ చదవాలి" కూడా పోయింది. "రాగి" ఒక్కటీ మిగిలింది. మూడేళ్ళ సుద్ద కదా, అంత తొందరగా పోలేదు, ఉమ్ముపెట్టి రుద్దాడు. మేనేజరు జేబులోంచి ఫోన్ తీసి, అక్కడే నిలబడి, "లారీ అక్కర్లేదండీ. అవును, అక్కర్లేదు" అన్నాడు. ఆ మాట విని పిన్ని బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఇంకా అయిపోలేదు" అన్నాడు లాడాలాయన. "కొత్త లాడాలు పడ్డాక బరువుతో నడిపించి చూడాలి. ఎవరన్నా ఎక్కండి."

మైదానం మధ్యనుంచి మాస్టారు కుర్చీలోంచే నడుం చూపించారు. మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు, గుర్రాల బడికి మేనేజరైనా అతనికి గుర్రమెక్కడం రాదు.

"అయితే చెల్లెమ్మ ఎక్కుతుంది" అన్నాడు లాడాలాయన.

పిన్ని గబగబా తల అడ్డంగా ఊపి, ఆఫీసు గోడమీది రాత చూపించింది.

"సిబ్బంది ఎక్కకూడదు, అంతేగా?" అన్నాడు బావగారు. ఇరవై ఆరేళ్ళు అక్షరాలు సరిచూసిన మనిషి, ఊరికే వదులుతాడా! "డాక్టరుగారు వారం సెలవు రాసిచ్చారు. సెలవులో ఉన్న మనిషి ఇవాళ్టికి సిబ్బంది ఎలా అవుతుందండీ?"

మేనేజరు నవ్వాడు. ఆరునెలల్లో అతను నవ్వగా వాళ్ళు చూడటం అదే మొదలు. "ఎక్కండి పిన్నిగారూ" అన్నాడు.

జీను వేశారు. ఎన్నివేలసార్లు తుడిచిన జీను! ఎడమకాలు రికాబులో పెట్టాలి, జూలు పట్టుకోవాలి, ఒక్క ఊపులో లేవాలి. చెప్పడం అంతా నోటికొచ్చు. ఒళ్ళే మాట వినలేదు. రెండుసార్లు లేవబోయి కిందికే వచ్చింది. మూడోసారి బావగారు వెనకనుంచి మొహమాటం లేకుండా ఒక తోపు తోశాడు. పైన కూర్చున్నాక ఆవిడ జీను ముందంచు రెండు చేతులతో బిగించి పట్టుకుని కళ్ళు మూసుకుంది. మేడే. అనుకున్నదానికంటే ఎత్తైన మేడ, పైగా ఊపిరి తీసుకుంటోంది.

"తాడు నేను పట్టుకుంటాను" అన్నాడు లాడాలాయన.

నడక బాగానే సాగింది. ఒక చుట్టు, రెండు చుట్లు. ఆయన వంగి వంగి గిట్టలు చూస్తూ, "ముందుది సరిగ్గా పడుతోంది. వెనకది చూడాలంటే కాస్త ఉరకాలి" అని నాలుకతో టక్కుమనిపించాడు. రాగి ఉరికింది. తోలుగుడ్డ మోకాళ్ళకి కొట్టుకుంటుండగా ఆయనా ఉరికాడు. పద్నాలుగేళ్ళు తను పరిగెత్తిన మట్టిమీదే మరొకరు రొప్పుతూ పరిగెత్తుతుంటే పైనుంచి చూడటం పిన్నికి ఎంత బాగుందో చెప్పలేం. గాలి ముఖాన కొట్టింది. కంచె అవతల రోడ్డూ, రోడ్డు అవతల ఎవరి డాబామీదో ఆరేసిన బట్టలూ కనిపించాయి. పద్నాలుగేళ్ళుగా కంచె దాకానే తెలుసావిడకి.

"చెల్లెమ్మా!" అన్నాడు లాడాలాయన, ఎగశ్వాసతో. "గడియమీద చెయ్యి పడింది, అక్కడ ఆపేశావు. తలుపు తీశాడా లేదా?"

పిన్ని ముందుకే చూస్తోంది.

"తియ్యను అన్నాను గానీ... నేనైనా తీసేవాణ్ణేమోలే. ఆ దగ్గు విన్నాక ఎవరైనా తీస్తారు. ఒక్కమాట చెప్పు చెల్లెమ్మా, పుణ్యముంటుంది!"

చెప్పడానికి గొంతు లేదు. ఉన్నా చెప్పేది కాదు. తర్వాతి లాడాల రోజు ఎప్పుడో ఆయనకి గుర్తుచెయ్యాలనుకుంది పిన్ని. ఒక చెయ్యి జీను మీంచి తీసి అయిదు వేళ్ళూ చాపి చూపించింది.

"అయిదేమిటి? అయిదో పేజీలోనా?"

ఆరు కావాలి. ఆరు చూపించాలంటే రెండో చెయ్యి కూడా కావాలి. పిన్ని ఒక్క క్షణం తటపటాయించి, ఆ చెయ్యి కూడా వదిలేసింది. అయిదువేళ్ళ పక్కన ఇంకో వేలు పైకి లేచింది.

"ఆరువారాలా! ఆరువారాలు ఆగాలా! ఇదేం న్యాయం!" అని లాడాలాయన ఉన్నచోటే నిలబడిపోయి నడుంమీద రెండు చేతులూ వేసుకున్నాడు. తాడు మట్టిలో పడింది.

కంచె దగ్గర బావగారు "ఆశ్చర్యార్థకం" అన్నాడు మెల్లగా, తనకి తెలియకుండానే.

రాగి ఆగలేదు, కొత్త లాడాలతో మలుపు తిరిగి ఇంకో చుట్టులోకి వెళ్ళింది. పిన్ని ఇంకా చేతులు దించలేదు.